పాత విమానాలు, పల్టీలు కొట్టే విమానాలు: ఏ షట్టర్, ఏ లెన్స్, ఎక్కడ నిలబడాలి?

మొదటిసారి ఎయిర్ షోకి వెళ్ళినప్పుడు షట్టర్ 1/2000లో, అంటే సెకనులో రెండువేలో వంతు మాత్రమే తెరుచుకునేలా పెట్టి రోజంతా అలాగే తీశాను. వేగంగా పోయేదాన్ని వేగంగా తీయాలి కదా అని నా లెక్క. ఇంటికొచ్చి చూసుకుంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్ రివెట్లతో సహా పదునుగా వచ్చింది, ముక్కు దగ్గర 4 బ్లేడ్లు మాత్రం మేకులు కొట్టి బిగించినట్టు ఆగిపోయి ఉన్నాయి. మా మేనల్లుడు తొంగి చూసి, "మామయ్యా, దీన్ని దారం కట్టి వేలాడదీశావా?" అన్నాడు. వాడికి ఐదేళ్ళు. నా ఫోటోల మీద అంత సూటిగా మాట అన్నవాళ్ళు ఆ తర్వాత కూడా ఎవరూ లేరు.

అందుకే ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ తీసుకెళ్ళాలి అని ఎవరైనా అడిగితే ముందు నేనే ఒకటి అడుగుతాను: ప్రొపెల్లర్ ఎలా కనపడాలి మీకు? అది తేలితే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

షట్టర్ సంగతి ముందు

లెక్క చిన్నదే, ఒక్కసారి చేసుకుంటే జన్మంతా పనికొస్తుంది. పిట్స్ స్పెషల్, ఎక్స్‌ట్రా 300 లాంటి పల్టీల విమానాల్లో లైకమింగ్ ఇంజన్ ఉంటుంది, ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, పైలట్ గట్టిగా తోలితే నిమిషానికి 2,700 చుట్లు, అంటే సెకనుకు 45. షట్టర్ 1/125 సెకను తెరిచి ఉంటే ఆ లోపల బ్లేడు 130 డిగ్రీలు తిరిగేస్తుంది. 3 బ్లేడ్లు ఉంటే బ్లేడుకీ బ్లేడుకీ మధ్య ఉండేది 120 డిగ్రీలే కాబట్టి నిండు చక్రం వచ్చేసినట్టే. 1/250 పెడితే 65 డిగ్రీలు, అంటే విసనకర్ర సగం తెరిచినట్టు. 1/1000 దగ్గర 16 డిగ్రీలే, అక్కడే మా మేనల్లుడి దారం కనపడుతుంది.

యుద్ధకాలపు విమానాలకి ఇదే లెక్క వేస్తే బోల్తా పడతారు. స్పిట్‌ఫైర్, మస్టాంగ్‌లలో ఉండే మెర్లిన్ ఇంజన్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్య గేర్లు ఉంటాయి, ఇంజన్ వేగంలో దాదాపు సగమే బ్లేడ్లకి అందుతుంది. ఇంజన్ 2,400 చుట్లలో ఉంటే ప్రొపెల్లర్ సుమారు 1,150 దగ్గర తిరుగుతుంది. 1/125లో అది కదిలేది 55 డిగ్రీలు, బ్లేడ్ల మధ్య ఖాళీ 90. నిండు చక్రం కావాలంటే 1/80కి దిగాలి. చెవులు చిల్లులు పడేలా అరుస్తూ పోతుంది కాబట్టి ప్రొపెల్లర్ కూడా అంతే వేగంగా తిరుగుతోందని మనం అనుకుంటాం, కానీ దాని పక్కన నిమ్మళంగా గుర్రుమంటూ పోయే పాత శిక్షణ విమానం టైగర్ మాత్ ప్రొపెల్లరే ఎక్కువ చుట్లు తిరుగుతుంటుంది. టైగర్ మాత్‌కి గేర్లు లేవు, 2,000 చుట్లు అనుకోండి, బ్లేడ్లు రెండే, 1/125లో 96 డిగ్రీలు వస్తుంది. ఒక్కో బ్లేడు పావు చక్రానికి పైగా పరుచుకుంటుంది, అది చూడ్డానికి చాలు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజన్లు ఇంకా నెమ్మది, 1,200 చుట్ల దగ్గర. వాటిలో సిలిండర్లతో సహా ఇంజన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటే గిర్రున తిరుగుతుంది, ఆముదం తుంపరలు చిమ్ముకుంటూ. వేగం షట్టర్ పెట్టారంటే ప్రొపెల్లరే కాదు, ఇంజన్ కూడా ఆగిపోయి కనపడుతుంది.

మరి ఎంత పెట్టాలి? షట్టర్ నెమ్మదైన కొద్దీ చేతి వణుకుకి విమానం కూడా మసకబారుతుంది. అందరూ 1/60 అని గొప్పలు చెప్తారు గానీ, వాళ్ళు చెత్తబుట్టలో పడేసిన 200 ఫ్రేముల సంగతి చెప్పరు. నా సలహా: విమానం తొలిసారి ముందు నుంచి పోయేటప్పుడు 1/320 పెట్టి ఒకటి రెండు పదునైనవి దక్కించుకోండి, మనసు కుదుటపడుతుంది, తర్వాత 1/200, ఆ తర్వాత 1/125. అంతకంటే కిందికి వెళ్ళడం చేతి అలవాటును బట్టి. నేను ఇన్నేళ్ళకీ 1/80 దగ్గర ముప్పై తీస్తే ఒకటో రెండో ఉంచుకుంటాను, మిగతావి కళ్ళు మూసుకుని డిలీట్.

పల్టీల విమానంలో ఒక వెసులుబాటు ఉంది. స్టాల్ టర్న్ అని, నిట్టనిలువుగా పైకి పోయి, వేగం అయిపోయి, గాల్లో ఒక్క క్షణం ఆగినంత పనై, పక్కకి తిరిగి కిందికి దూకుతుంది. ఆ పైన ఆగే క్షణంలో విమానం ఫ్రేములో దాదాపు కదలదు, ప్రొపెల్లర్ మాత్రం పూర్తి జోరులో ఉంటుంది. 1/80 మొదటిసారి ప్రయత్నించాలంటే అక్కడ ప్రయత్నించండి. ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయేటప్పుడు కాదు.

జెట్‌కి ఈ గొడవే లేదు, 1/1000 నుంచి 1/1600, అంతే. జెట్టూ ప్రొపెల్లర్ విమానమూ కలిసి వరుస కట్టి వస్తే? ప్రొపెల్లర్‌కి తగ్గట్టే పెట్టండి. హెలికాప్టర్ రోటర్ ఇంకా నెమ్మది కాబట్టి 1/60, వీలైతే ఇంకా కిందికి.

ఎలక్ట్రానిక్ షట్టరా, మెకానికలా

ఇక్కడ చాలామంది కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త తరం కెమెరా) కొని దెబ్బతింటున్నారు. చప్పుడు లేదు, సెకనుకు 20, 30 ఫ్రేములు అని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్ చేస్తారు. మామూలు సెన్సర్ బొమ్మని ఒక్కసారిగా చదవదు, పైనుంచి కిందికి వరుస తర్వాత వరుస చదువుతుంది, ఈలోపు బ్లేడు చోటు మారిపోతుంది. ఫలితం: అరటిపండులా వంగిన బ్లేడ్లు, ఒక్కోసారి ముక్కుకి అతక్కుండా విడిగా గాల్లో తేలే ముక్కలు. తర్వాత సరిచేయడానికి దారి లేదు.

సోనీ ఏ9 3కి గ్లోబల్ షట్టర్ ఉంది, అంటే బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది, అందులో ఈ వంకర రాదు. నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు గానీ సెన్సర్ ఎంత వేగంగా చదువుతుందంటే వంకర పట్టిచూస్తే తప్ప తెలియదు. ఇవి లేనివాళ్ళు, అంటే మనలో ఎక్కువమంది, మెనూలోకి వెళ్ళి మెకానికల్ షట్టర్‌కి మార్చుకోండి. పాత డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న కెమెరా, మామూలుగా మెకానికల్ షట్టరే వాడుతుంది) ఉన్నవాళ్ళు బెంగ పెట్టుకోవద్దు, ఈ ఒక్క విషయంలో మీరే అదృష్టవంతులు. నిజానికి ఎగిరే విమానం, అందులోనూ వెనక ఆకాశం తప్ప ఏమీ లేనిది, ఫోకస్‌కి పెద్ద కష్టం కాదు; పదేళ్ళ నాటి కెమెరా కూడా పట్టుకుంటుంది. ఆ డబ్బు లెన్స్ మీద పెట్టండి.

100-400 లేక 150-600

ఇవి జూమ్ లెన్స్‌ల మి.మీ. కొలతలు, అంకె పెద్దదైతే దూరంగా ఉన్నది అంత దగ్గరగా కనపడుతుంది. ఏది కొనాలన్నదానికి జవాబు నిలబడే దూరంలో ఉంది. అమెరికాలో పల్టీలు కొట్టే విమానాలు జనానికి ఎంత దూరంలో ఉండాలన్నది వాటి వేగాన్ని బట్టి మూడు రకాలు: 500 అడుగులు, 1,000 అడుగులు, 1,500 అడుగులు. నెమ్మదైన బైప్లేన్‌కి (రెండంతస్తుల రెక్కల విమానం) మొదటిది, జెట్‌కి చివరిది. ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ కెమెరా (36 మి.మీ. వెడల్పు సెన్సర్) మీద 400 మి.మీ. లెన్స్ పెట్టి చూడండి. 500 అడుగుల దగ్గర, అంటే సుమారు 152 మీటర్లు, ఫ్రేములో అడ్డంగా పట్టేది దాదాపు 14 మీటర్లు. స్టియర్‌మన్ బైప్లేన్ ముక్కు నుంచి తోక దాకా 7.5 మీటర్లు. సగం ఫ్రేము నిండింది, చుట్టూ పొగకి చోటు మిగిలింది, ఇంతకంటే ఏం కావాలి. అదే లెన్స్‌తో 1,500 అడుగుల దగ్గర పట్టేది 41 మీటర్లు, 11 మీటర్ల పైచిలుకు ఉండే సేబర్ జెట్ అందులో పావు వంతు దాటి కొంచెం, అంతే. అక్కడ 600 కావాలి, లేదా 1.5 రెట్ల క్రాప్ సెన్సర్, అంటే అంత చిన్న సెన్సర్ ఉన్న కెమెరా కావాలి. రెండూ ఒకే పని చేస్తాయి, క్రాప్ కెమెరా బరువు తక్కువ.

కాబట్టి పాత బైప్లేన్లు, శిక్షణ విమానాలు, పల్టీల విమానాలు మీ ఇష్టమైతే 100-400 తీసుకోండి, వెనక్కి చూడొద్దు. చేతికి తేలిక, మధ్యాహ్నం మూడింటికి కూడా భుజం పని చేస్తుంది, 1/100 దగ్గర ప్యానింగ్ (విమానంతో పాటే లెన్స్ తిప్పుతూ తీయడం) చేసేటప్పుడు ఆ తేలికే ఫోటోని కాపాడుతుంది. 150-600 అంటే 2 కిలోల చిల్లర బరువు, గంటసేపు ఎత్తి దింపితే మణికట్టు వణుకు ఫోటోలో కనపడుతుంది. జెట్లు ఎక్కువున్న షోకి మాత్రం అదే సరైనది. ఇంకో చిక్కు, పొగతో లూప్ కొట్టినప్పుడు విమానం కంటే ఆ పొగ గీత అందంగా ఉంటుంది, 150 దగ్గర మొదలయ్యే లెన్స్‌లో అది పట్టదు. రెండో కెమెరా ఉంటే 24-70 దాని మీద పెట్టుకోండి, లేకపోతే ఫోన్ తీయండి, నేనైతే చాలాసార్లు ఫోన్‌తోనే లాగించేశాను.

టెలికన్వర్టర్ (లెన్స్ వెనక తగిలించి బొమ్మని ఇంకా పెద్దది చేసే గొట్టం) జోలికి పోవద్దు, మధ్యాహ్నం అసలే వద్దు. రన్‌వే మీది వేడిగాలి అలలు అలలుగా లేస్తుంటే దూరంగా ఉన్న విమానం నీళ్ళలో ముంచినట్టు కనపడుతుంది, ఆ దూరాన్ని లెన్స్‌తో దగ్గరకి లాగితే అలలు కూడా పెద్దవవుతాయి. నా పక్కన ఒకాయన తన లెన్స్ పాడైందని ఆ రోజంతా ఫోకస్ సరిచేస్తూ కూర్చున్నారు పాపం, పాడైంది గాలి.

దూరం ఎక్కువ పెట్టారని విసుక్కోకండి కూడా. 2015 ఆగస్టు 22న ఇంగ్లాండ్‌లోని షోరమ్‌లో హాకర్ హంటర్ లూప్ పూర్తి చేయలేక రోడ్డు మీద కూలి 11 మంది పోయారు, ఆ తర్వాతే బ్రిటన్‌లో దూరాలు ఇంకా పెంచారు.

ట్రైపాడ్ వద్దు. మోనోపాడ్ కూడా పల్టీలకి అడ్డమే, నెత్తిమీదకి పోయే విమానాన్ని కర్ర మీద పెట్టిన లెన్స్‌తో ఎలా వెంటాడతారు. లెన్స్ మీద స్టెబిలైజేషన్ మోడ్ 1, 2 అని ఉంటే 2 పెట్టండి, అది పక్కకి కదిలే కదలికని వదిలేసి పైకీ కిందికీ ఊగేదాన్నే సరిచేస్తుంది. విమానం నిలువుగా, ఏటవాలుగా తిరుగుతుంటే ఒక్కో లెన్స్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది, మీది ఎలా ఉందో ముందే రోడ్డు మీద బండ్లతో చూసుకోండి.

ఎండ ఎటు, మీరు ఎటు

డబ్బు ఖర్చు లేకుండా ఫోటో బాగుపడే చోటు ఇదొక్కటే, దీన్నే అందరూ వదిలేస్తారు. ఇంగ్లాండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో జనం రన్‌వేకి ఉత్తరాన నిలబడి దక్షిణానికి చూస్తారు, అంటే మధ్యాహ్నమంతా ఎదురెండే. స్పిట్‌ఫైర్ పొట్ట నల్లగా, ఆకాశం తెల్లగా. అలాంటి చోట రెండే దారులు: మబ్బు పట్టాలని దేవుడికి దండం పెట్టుకోవడం, లేదా నీడబొమ్మలా తీయడానికి ఒప్పేసుకుని పొగ మీద, రెక్కల అంచున మెరిసే వెలుగు మీద దృష్టి పెట్టడం. అమెరికాలోని ఓష్‌కోష్‌లో ఉల్టా, జనం పడమర నుంచి తూర్పుకి చూస్తారు, పొద్దున ఎదురెండ, మధ్యాహ్నం షో వేళకి ఎండ వీపు మీదకి వస్తుంది. వెళ్ళే ముందు మ్యాప్ తెరిచి రన్‌వే ఎటు పడుకుని ఉందో చూస్తే ఇదంతా ఇంట్లోనే తెలిసిపోతుంది.

తర్వాత జనం మధ్యలో నిలబడాలా, చివర్లోనా? పల్టీల విమానం అయితే మధ్య, ఎందుకంటే పైలట్ ప్రతి విన్యాసాన్నీ ఆ మధ్య బిందువుని చూసుకునే కడతాడు, రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చి దాటుకునేది అక్కడే. పాత విమానాలు అయితే నేను చివరికే పోతాను. అవి వంపు తిరుగుతూ వచ్చేది అక్కడ, తిరిగేటప్పుడు రెక్కల పైభాగం, కాక్‌పిట్, అందులో తోలు టోపీ పెట్టుకున్న మనిషి, అన్నీ మనవైపు వాలతాయి. అడుగు భాగం ఫోటోలు వెయ్యి తీసినా ఆ ఒక్కదానికి సరిరావు. ఇంగ్లాండ్‌లోనే ఓల్డ్ వార్డెన్ అని, షటిల్‌వర్త్ వాళ్ళ విమానాలు ఎగిరే చిన్న గడ్డి మైదానం ఉంది, అక్కడ జనం నిలబడే గీతే మధ్యలో వంపు తిరిగి ఉంటుంది, విమానాలు ఆ వంపు చుట్టూ తిరుగుతూ వీపు చూపిస్తూ పోతాయి. ఒకే షోకి వెళ్ళగలను, పాత విమానాలంటే ప్రాణం అంటే పెద్ద షో వదిలేసి ఇలాంటి చిన్నదానికి వెళ్ళమంటాను. అక్కడి 1909 నాటి బ్లేరియో 11 గాలి బాగా పడిపోయిన వేళల్లోనే, అదీ రన్‌వే మీద చిన్న గెంతులాగా లేస్తుంది. పొద్దు వాలే దాకా ఆగినవాళ్ళకే అది.

ఎక్స్‌పోజర్: మాన్యువలా, ఆటోనా

ఆకాశం తేటగా ఉండి ఎండ స్థిరంగా ఉంటే మాన్యువల్. గడ్డి మీదో రన్‌వే మీదో ఒక ఫోటో తీసి సరిచూసుకుని ఇక ముట్టుకోకండి. ఆటోలో ఉంటే తెల్ల పొగ ఫ్రేములోకి రాగానే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం చీకటి చేస్తుంది, చెట్ల ముందుకి రాగానే తెల్లబరుస్తుంది. మబ్బులు వచ్చిపోతుంటే మాత్రం షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ మనం, మిగతాది కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, బూడిదరంగు ఆకాశానికి ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోండి, లేకపోతే విమానం బొగ్గే.

1/100 దగ్గర మండుటెండలో తీస్తే ఇంకో తలనొప్పి. ఐఎస్ఓ 100 పెట్టినా ఎపర్చర్ ఎఫ్ 16కి మూసుకుపోతుంది. అంత చిన్న రంధ్రంలో పదును కొంత పోతుంది, సెన్సర్ మీది ప్రతి ధూళి రేణువూ నీలాకాశంలో మచ్చగా తేలుతుంది. 40 ఫోటోల్లో మచ్చలు తుడుస్తూ ఒక ఆదివారం పోగొట్టుకున్నాక లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ వాడటం మొదలుపెట్టాను, ఒకటిన్నర స్టాప్ మింగుతుంది, అదే మనకి కావలసింది. అయితే పైలట్ తల మీది కనోపీ పారదర్శక ప్లాస్టిక్ కదా, పోలరైజర్‌లో చూస్తే దాని మీద ఇంద్రధనుస్సు రంగుల చారలు వస్తాయి కొన్నిసార్లు. అది నచ్చనివాళ్ళు మామూలు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్ల అద్దం) తీసుకోండి.

నేల మీద ఉన్నప్పుడు

ఎగిరేవి మాత్రమే తీస్తాను అనేవాళ్ళు సగం షో వదులుకుంటున్నారు. గేట్లు తెరవగానే వెళ్ళండి. మొదటి గంటలో జనం ఉండరు, ఎండ ఏటవాలుగా ఉంటుంది, రెక్క మీది గుడ్డ కుట్లు ఒక్కొక్కటీ నీడ పోసుకుని కనపడతాయి. వైడ్ లెన్సా, మామూలుదా అంటే, తాడుకి ఇవతల నుంచి మొత్తం విమానం పట్టాలంటే వైడ్ తప్పదు గానీ 16 మి.మీ. పెట్టి దగ్గరకి పోతే ముక్కు గుమ్మడికాయంత, తోక మిరపకాయంత వస్తుంది. నాకు 35 నుంచి 85 మధ్యే ఇష్టం, మొత్తం విమానం కంటే ముక్కలు బాగుంటాయి: ఎగ్జాస్ట్ వెనక మసి చారలు, రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చక్రంలా అమర్చినది) కింద పెట్టిన రేకు పళ్ళెంలో ఒక్కో చుక్కా పడే నల్ల ఆయిల్. మోకాళ్ళ మీద కూర్చోండి, వెనక ఉన్న టాయిలెట్ డబ్బాలు రెక్క చాటుకి పోతాయి.

రేడియల్ ఇంజన్ విమానం బయలుదేరే ముందు మెకానిక్కులు ప్రొపెల్లర్ పట్టుకుని చేత్తో చుట్లు చుట్లుగా తిప్పుతారు. కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగి ఉంటుంది, అది ఉండగా స్టార్టర్ నొక్కితే లోపల ఇంజన్ దెబ్బతింటుంది, అందుకని. ఇద్దరు మనుషులు ఒక బ్లేడుని భుజంతో తోసి రెండో బ్లేడు అందుకునే ఆ ఫోటో చాలామంది తీయరు, అప్పటికి ఆకాశం వైపు చూస్తుంటారు కాబట్టి. ఆ వెంటనే స్టార్టవుతుంది, గుప్పుమని తెల్ల పొగ. దానికి 1/125 పెట్టి సిద్ధంగా ఉండండి, రెండు సెకన్లలో అయిపోతుంది.

దిగాక కూడా కెమెరా బ్యాగులో పెట్టకండి. జనం తర్వాతి విమానం కోసం తలెత్తి చూస్తున్నప్పుడు దిగిన విమానం కంచె పక్కన మెల్లగా దొర్లుకుంటూ వస్తుంది, పైలట్ కనోపీ తెరిచి చెయ్యి ఊపుతాడు. మనిషి నడిచే వేగం, దగ్గరి దూరం, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి 1/60, ఇంకా వీలైతే 1/40. రోజంతా 1/80 దగ్గర చేతులు నొప్పి పుట్టించుకున్నా రాని ఫోటో, తిరిగే ప్రొపెల్లర్, నవ్వుతున్న ముఖంతో సహా, అక్కడ వచ్చేస్తుంది.